సముద్రపు అడుగు ఎవరిది?

(అరసవల్లిలో రథసప్తమి తరువాత జరిగిన పఠనమందిర సభలో మేము చేసిన ప్రసంగపు పాఠము)



సూర్యదేవుని యూరిలో నిలిచి చీకటిని గూర్చి ప్రసంగింప బూనుట కొంత విపరీతముగ దోచవచ్చును. ఏటేట మార్చి, అక్టోబరు మాసములందు కొలది దినములు ఉదయకిరణములు గర్భాలయము వరకు బోయి స్వామి పాదములను సోకును. ఆ దృశ్యము చూచుటకై ఎక్కడెక్కడివారో మీ యూరికి వచ్చుచుందురు. ఆ కిరణములే ఇచ్చటికి తూర్పున సముద్రము మీద బడి లోనికి దిగినచో 200 మీటర్ల లోతునకే మసకలగును. వేయి మీటర్లకు దిగువ వాని జాడయే యుండదు. ఆ చీకటి యడుగునను ప్రాణులు గలవు. ఆ ప్రాణులకును మన మరబోటులకును ఇప్పుడొక తగవు వచ్చియున్నది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇది జాలరుల గొడవ, పట్టణవాసులమైన మనకేల యని మీలో కొందరు తలంపవచ్చును. శ్రీకాకుళము జిల్లా సముద్రతీరము 193 కిలోమీటర్లు. ఈ సభలోని వారిలో ఎందరు దానిలో పది కిలోమీటర్లు నడచి చూచితిరని మేమడిగినచో సమాధానము చెప్పుట కష్టము. చేప సంతకు వచ్చిన తరువాతనే మనకు సముద్రము జ్ఞాపకము వచ్చును. మేమును ఇందుకు మినహాయింపు కాము.

ముందుగా వల సంగతి చెప్పవలయును. ఈడ్పువల, అనగా ట్రాలు వల, పెద్ద సంచి వంటిది. మూతి వెడల్పు, తోక సన్నము. మూతికి ఇరుప్రక్కల బరువైన పలకలుండును. బోటు లాగుచుండగా నీటి యొత్తిడికి అవి చెరియొక వైపునకు విడివడి మూతిని తెరచి యుంచును. మూతి క్రింది యంచునకు గొలుసులో, సీసపు గుండ్లో కట్టుదురు. అవి నేలను రాచుకొనుచు పోవును. బురదలో దాగిన రొయ్య బెదరి పైకి లేచి సంచిలో బడును. కొన్ని గంటలు ఇట్లు లాగి, తరువాత పైకెత్తి బల్లమీద విప్పుదురు. అందు రొయ్యయు నుండును. రొయ్యతో బాటు ఎదుగని చందువ పిల్లలు, వంజరపు పిల్లలు, పీతలు, నత్తలు, సముద్రపు కీరములు, ఒక్కొక్కప్పుడు ఊపిరాడక చచ్చిన తాబేలును ఉండును. పనికిరాదన్న చిల్లర చేపను ఎండబెట్టి పొడిగొట్టి చెరువుల రొయ్యలకును కోళ్లకును మేతగా పంపుదురు. మూడేండ్లు పెరిగి ఒక కుటుంబము కూటికి రాదగిన చేప, మూడంగుళములప్పుడే కోడిమేత యగుచున్నది.

ఈ మొర క్రొత్తది కాదు. 1376వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండు జాలరులు తమ రాజైన మూడవ ఎడ్వర్డునకు ఒక యర్జీ పెట్టుకొనిరి. క్రొత్తగా వచ్చిన యొక బరువైన వల సముద్రపు అడుగున బెరుగు మొక్కలను నాశనము చేయుచున్నదనియు, దాని కన్నులు మిక్కిలి సన్నమగుటచే చిరుచేప లెక్కకు మించి పడగా దానిని పందులకు మేపుచున్నారనియు ఆ యర్జీ సారాంశము. ఆరున్నర శతాబ్దములైనది. పందికి బదులు కోడి వచ్చినది. తెరచాపకు బదులు యంత్రము వచ్చినది.

మనదేశమున ఈ వల వ్యాపించుటకు ఒక మంచి సంకల్పము కారణమని చెప్పిన మీకు వింత కలుగును. 1952లో నార్వే దేశముతో జరిగిన ఒడంబడిక వలన కేరళ తీరమున జాలరుల బ్రతుకు బాగుచేయు పథకమొకటి ఆరంభమయ్యెను. ఇంతలో అమెరికాలో రొయ్యకు గిరాకి యేర్పడినది. పథకము జాలరి బ్రతుకును విడిచి రొయ్య వెంట బోయినది. మరబోటులు కొన్నవారిలో పెక్కురు సముద్రము మొగమెరుగని షాహుకారులు. తెప్పల వారికిని బోటుల వారికిని ఆ తీరమున నడచిన పోరాటము ఫలితముగ 1988లో కేరళ ప్రభుత్వము వర్షాకాలమున ఈడ్పువలను నిషేధించినది.

మన తీరమునకు వత్తము. విశాఖపట్టణమున చేపల రేవు 1976లో ఏర్పడెను. ఆ పిమ్మట పెద్ద రొయ్యల ఓడలు నూటికి పైగా ఆ రేవున జేరి హుగ్లీ నదీముఖమున శాండ్‌హెడ్స్ అను తావు వరకు బోయి అడుగును దువ్వినవి. కొన్నేండ్లు లాభములు వచ్చినవి, తరువాత తగ్గినవి. 1991లో కేంద్ర ప్రభుత్వము విదేశీ సంస్థలతో ఉమ్మడి వ్యాపారమునకు లోతు సముద్రమును దెరచినది. తూర్పు, పడమర తీరముల జాలరులు ఒక్కటై 1994లో సమ్మె చేసిరి. ప్రభుత్వము మురారి సంఘమును నియమింపవలసి వచ్చెను. ఆ సంఘము 1996లో ఆ అనుమతులను రద్దు చేయుమని సిఫారసు చేసినది. స్వాతంత్ర్యము వచ్చిన దేశమున తెప్పపై బ్రతుకు జనులు తమ సముద్రమును తాము నిలుపుకొన్న సందర్భములలో ఇది యొకటి. మన పాఠపుస్తకములలో దీనికి చోటు లేకుండుట మాకు విచారకరముగ నున్నది.

ఇక చట్టము సంగతి. 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము వచ్చినది. ఒడ్డు నుండి 8 కిలోమీటర్ల వరకు తెప్పలకును నాటుపడవలకును ప్రత్యేకింపబడినది. మరబోటులు దానికి ఆవల, 20 మీటర్లకు మించిన ఓడలు 23 కిలోమీటర్లకు ఆవల వేటాడవలెను. కాగితముపై గీత చక్కగ నున్నది. రాత్రివేళ దీపములార్పి బోటులు గీత దాటి లోనికి వచ్చునని, తాము వేసిన వలలను తెంచుకొని పోవునని ఏ పల్లెకు బోయినను జాలరులు మొరపెట్టుచునే యున్నారు. చలికాలమున ఒడ్డునకు కొట్టుకొని వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరములు ఆ మొరకు సాక్ష్యములు. గ్రుడ్లు పెట్టుటకై సముద్రమంత దాటి మన ఇసుకకు వచ్చు తల్లి తాబేలు ఊపిరికై పైకి రావలెను. ఈడ్పువలలో చిక్కినచో రాలేదు.

దీనికి మందు కలదు. వల మెడయందు వాలుగా ఒక జల్లెడ చట్రమును బిగించి, పైన ఒక తలుపు పెట్టుదురు. రొయ్య చట్రపు సందులలో నుండి సంచిలోనికి బోవును. తాబేలు తలుపుగుండ వెలికి బోవును. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థవారు మన బోటులకు తగినట్లు దీనిని రూపొందించిరి. దీనిని వాడుటలేదని 1996లో అమెరికా మన రొయ్యను నిరాకరించెను. భారతదేశము, మలేసియా, పాకిస్తాను, థాయిలాండులు ప్రపంచ వాణిజ్య సంస్థయందు ఫిర్యాదు చేసినవి. 1998లో తీర్పు వచ్చెను: ఉద్దేశము మంచిదే, అమలు జరిపిన తీరు పక్షపాతమని. ఆ తీర్పు మనకు జయమని పత్రికలు సంతోషించినవి. సంతోషించుట సరియే. కాని ఆ పిమ్మట ఇరువది యేండ్లకు, 2019లో, అమెరికా మన సముద్రపు రొయ్యను మరల నిలిపినప్పుడు, ఈ నడుమకాలమున ఆ చట్రమును మన బోటులకు మనమే యెందుకు బిగింపలేదని యడిగినవారు తక్కువ. పరాయివాడు చెప్పెనని మంచిపనిని మానుట స్వాభిమానము కాజాలదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఈడ్పువల బోటులలోని వారందరు దుర్మార్గులని మీరు తలంతురేమో. మేము దాపరికము లేక చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఆ బోటులపై చేతులు పుండ్లుగ వల లాగువారిలో మన జిల్లావారే వేలమంది యున్నారు.

మన తీరమున రేవులు లేవు. పెద్ద పడవ నిలుచు చోటు లేదు. అలలో తెప్ప దింపి అలలోనే తిరిగి రావలెను. కడుపు నిండదు. కావున డి. మత్స్యలేశము, బడివానిపేట, బుడగట్లపాలెము వంటి పల్లెల నుండి మగవారు ఏటేట గుజరాతులోని వెరావలు రేవునకు వలసబోయి అచ్చటి బోటులలో కలాసీలుగను, తండేళ్లుగను పనిచేయుదురు. ఆ బోటులలో హెచ్చుపాలు ఈడ్పువల బోటులే. 2018 నవంబరు మాసమున అట్లు వేటకు బోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల వారు పాకిస్తాను నావికులకు చిక్కి కరాచీ చెరసాలలో ఏడాదికి పైగా మ్రగ్గిరి. 2020 జనవరి 6వ తేదిన వాఘా సరిహద్దున 20 మంది విడుదలైరి. 2025లో ఆ కథ చలనచిత్రమై ఊరూర ఆడినది. జనులు కన్నీరు పెట్టిరి. కళింగపట్నము చెంత పుట్టినవాడు కచ్ఛపు తీరమునకు వేటకు బోవలసిన అగత్యమేమని ఆలోచించిన ప్రేక్షకులు ఎందరో మేమెరుగము.

ఇటీవల మేము కళింగపట్నము రేవున నొక వృద్ధ జాలరితో మాటలాడితిమి. ఇరువది యేండ్లు వెరావలులో పనిచేసి మరలివచ్చినవాడు. వల బాగుచేసికొనుచు తల యెత్తకయే ఇట్లనెను: "బాబూ, ఇక్కడ సేప నేదని ఎరావలెల్లినాం. ఇక్కడ మాకు ఓలు సేసిందే, అక్కడోలికి మేం సేసినాం. ఇంకేటి సెప్పమంతారు?" మేము చెప్పుమనుటకు ఏమియు మిగులలేదు.

ఇప్పుడు లోతు సముద్రము సంగతి. ఒడ్డు దాపున చేప తగ్గినది గనుక ఇక లోతునకు బొండని ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక ఆర్థిక మండలమునకు, అనగా ఒడ్డునుండి 200 నాటికల్ మైళ్ల వరకు గల మన సముద్రమునకు, క్రొత్త నియమములను ప్రకటించినది. సహకార సంఘములకును మత్స్యకారుల ఉత్పత్తి సంఘములకును అందు అగ్రస్థానమిచ్చిరి. జంటబోటుల ఈడ్పును, దీపకాంతితో వేటను అందు నిషేధించిరి. ఇది మెచ్చదగినది. 1991 నాటి విధానముతో పోల్చినచో మురారి సంఘపు నాటి పోరాటము వ్యర్థము కాలేదని తోచుచున్నది. కాని ఒంటిబోటు ఈడ్చు వల మాటయేమి? అది లోతు గట్టులకు దిగినచో నేమగును? ఇచ్చట మనము ఇతర దేశముల యనుభవమును చూడవలసి యున్నది.

లోతున కాలము మెల్లగ నడచును. చలి, చీకటి, ఆహారము కొరత. ఆరెంజ్ రఫీ యను చేప ముప్పది యేండ్లకు గాని గ్రుడ్లు పెట్టు ప్రాయమునకు రాదు. నూరేండ్లకు పైగా బ్రతుకును. న్యూజీలండు వారు 1970ల చివర నుండి దానిని సముద్రగర్భ గిరులపై ఈడ్పువలతో పట్టజొచ్చి, ఒక తరము తిరుగక మునుపే పెక్కు తావులలో అడుగంట జేసిరి. హవాయి దీవుల చెంత లోతున దొరకిన నల్ల పగడపు చెట్టొకటి నాలుగువేల యేండ్లకు పైబడినదని లెక్కగట్టిరి. అరసవల్లి ఆలయము ఏడవ శతాబ్దమున దేవేంద్రవర్మ కట్టించెనని చెప్పుదురు. ఆ లెక్కకు ఆ చెట్టు వయస్సు దీనికి ముమ్మడి. దానిని విరుచుటకు వలకు క్షణము చాలును. నార్వేలో సూలా పగడపు గట్టును 1999లో ఈడ్పువలకు మూసివేసిరి. స్కాట్లండునకు వాయవ్యమున డార్విన్ దిబ్బలను 1998లో కనుగొనిరి. అప్పటికే వల జాడలు అందు పడియున్నవి. 2003లో ఆ చోటును మూసిరి. 2016లో ఐరోపా కూటమి 800 మీటర్లకు దిగువ తన జలములలో అడుగు ఈడ్పును నిషేధించెను. 2022లో మరి 87 తావులను అడుగును తాకు వేటకెల్ల మూసినది. దానిపై స్పెయిను దేశము న్యాయస్థానమున కెక్కినది. అచ్చటను జాలరులు గలరు గదా.

ఈ దేశములు తమ సముద్రములను గీకి తిని, ఇప్పుడు మనకు నీతులు చెప్పుచున్నవని మన మిత్రులు కొందరందురు. అది అబద్ధము కాదు. ఇంకొక సంగతియు కలదు. 2007లో న్యూజీలండు తన జలములలో ఇంచుమించు మూడవ పాలును ఈడ్పువలకు మూసితినని ప్రకటించెను. విమర్శకులు పరిశీలింపగా అందు హెచ్చు భాగము వలకు అందని లోతు, లేదా ఎవరును వేటాడని చోటని తేలినది. చేప లేని చోట నిషేధము పెట్టుట ఎవరికి కష్టము? పటముపై రంగు పూసి సంరక్షణ మనుకొనుటలో వారికంటె మనము వెనుకబడుదుమను భయము మాకు లేదు.

మరికొందరు వేరొక రీతిగ వాదింతురు. బంగాళాఖాతపు అడుగంతయు గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి తెచ్చి పోసిన బురదయే గదా. పగడమేది, ప్రాణియేది యని. పైగా సుమారు 200 మీటర్ల నుండి 800 మీటర్ల వరకు ఇచ్చటి నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. ఈ వాదములో సత్యమున్నది. కాని ఆ బురద నిర్జీవము కాదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు ఇటీవలి యేండ్లలో కృష్ణా గోదావరీ పరీవాహమునకు ఎదుట, 1,700 మీటర్లకు పైబడిన లోతున, నేలనుండి మీథేను వాయువు ఊరు తావులను కనుగొనిరి. అచ్చట సూర్యరశ్మితో పనిలేక ఆ వాయువునే ఆధారముగ జేసికొని బ్రతుకు సూక్ష్మజీవులు, వానిపై ఆధారపడు గుల్లజాతులు కలవు. ప్రాణవాయువు అరకొరగా నున్నచోట బ్రతుకు జీవి ఇంకొక దెబ్బకు ఓర్వలేదని తలంచుటయే వివేకము. ఉత్తరాంధ్ర తీరము ఎదుట అడుగున ఏమి గలదో గజము గజము కొలిచి వ్రాసిన పటము లేదు. కొలువక మునుపే దువ్వినచో తరువాత కొలుచుటకేమి మిగులును?

వలను మాని గాలము వేసిన చాలునను మాటకూడ మేము పూర్తిగ నమ్మము. మాల్దీవులలో 1980 ప్రాంతమున లోతు సొరను కాలేయపు నూనెకై గాలముతోనే పట్టసాగిరి. ఆ సొర ఒక్కొక్క కాన్పునకు ఒకటి రెండు పిల్లలను గాని పెట్టదు. పదేండ్లలో వేట క్షీణించి మూతబడెను. పనిముట్టు మంచిదైనంతమాత్రాన దురాశ తగ్గదు. అయినను గాలము నేలను దున్నదు. విరిగిన పగడమునకు సొరకువలె పదేండ్ల గడువు చాలదు.

అందుచే మా యభిప్రాయమును సూటిగ చెప్పుచున్నాము. లోతు సముద్రమును మూసివేయుమని మేమనము. మన జాలరి అచ్చటికి బోవలెను. సూరచేపకును వంజరమునకును పెద్ద గాలపు త్రాళ్లతో బోవలెను. దానికి పడవ, మంచుపెట్టె, రేవు, అప్పు ఇవ్వవలెను. ఈడ్పువలను మాత్రము, ఇదివరకు దువ్వని లోతులకు, అచ్చటి అడుగును పరిశీలించి పటము గీసి ప్రకటించువరకు పోనీయరాదు. దువ్విన చోట్ల దువ్వుకొననిండు. తాబేలు చట్రము, వల కన్ను కొలత తప్పనిసరి చేయుడు. ఒడ్డున 8 కిలోమీటర్ల గీతను నిజముగ కాయుడు. ఇప్పుడున్న గీతను కాయలేనివారు 200 నాటికల్ మైళ్ల అవతల నేమి కాయగలరని జాలరి యడిగినచో జవాబు చెప్పవలసి యుండును.

ఇట్లు మూసిన కలాసీ యేమి తినును? దీనికి మన యింటనే దృష్టాంతమున్నది. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పు తీరమున మరబోటుల వేట నిలుపుచున్నారు. చేప గ్రుడ్డు పెట్టు కాలమది. మన జాలరులు ఈ నిషేధమును పాటించుచున్నారు. తిట్టుకొనుచు పాటించువారు కలరు, దానిని దాచనక్కరలేదు. ఆ కాలమునకు కుటుంబమునకు ఇచ్చు భృతి 2019లో 10,000 రూపాయలు. 2025 ఏప్రిలులో దానిని 20,000 రూపాయలు చేసి, మన ఎచ్చెర్ల మండలపు బుడగట్లపాలెములోనే ముఖ్యమంత్రి పంపిణీ ఆరంభించిరి. కాలమునకు నిషేధము పెట్టి భృతి ఇచ్చునప్పుడు, స్థలమునకు నిషేధము పెట్టి భృతి ఏల ఇయ్యరాదు? ఈడ్పువల బోటు విడిచి గాలపు బోటునకు మారువానికి, ఆ బోటులోని కలాసీకి, మారు కాలమున కూలి ఏల ఇయ్యరాదు? యజమానికి రాయితీ వచ్చుచున్నది. కలాసీ పేరు ఏ జాబితాలోను లేదు. మా తగవు ఇచ్చటనే.

బహిర్సముద్రములను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశము 2024 సెప్టెంబరులో సంతకము చేసినది. ఆ ఒడంబడిక 2026 జనవరి 17న అమలులోనికి వచ్చినది. ఏ దేశమునకు జెందని సముద్రములో కాపుదల తావులను ఏర్పరచుటకు దానిచే వీలు కలుగును. అచ్చట మాటలాడునప్పుడు మన ప్రతినిధుల సంచిలో బడివానిపేట తండేలు చెప్పిన మాట యొకటైనను ఉండునా? అడుగున రాతిగట్టు ఎక్కడున్నదో, వల యెక్కడ చిరుగునో, ఏ ఋతువున ఏ చేప ఎచ్చటికి దిగునో పుస్తకము చూడక చెప్పగలవాడు వాడే. పటము గీయు ఓడలో శాస్త్రజ్ఞుని ప్రక్కన వానికొక పీట వేయుడని మా ప్రార్థన.

ఈ పఠనమందిరమువారికి ఒక చిన్న విన్నపము. 1994 నాటి చట్టము, 2025 నాటి నియమములు రెండింటిని మన తీరపు జాలరికి తెలియు తెలుగులో వ్రాయించి ఇచ్చట నుంచుడు. రానున్న ఏప్రిలులో వేట నిలిచి పడవలు ఇసుకమీద నుండును. జాలరులు తీరికగ వలలు అల్లుకొనుచుందురు. అప్పుడు మీలో చదువ వచ్చినవారు నలుగురు మాతో కళింగపట్నము వచ్చి వానిని బిగ్గరగ చదివి వినిపింపుడు. వారడుగు ప్రశ్నలు వ్రాసికొని రండు. వానిని ఈ పత్రికలో ప్రకటించు పూచీ మాది.